స్కిజోఫ్రీనియా: ఆసుపత్రి చీటీలపై సంకేత సంఖ్యల యర్థము

గడచిన ఆగస్టు నెలలో నొకనాటి సాయంకాలము తరగతులు ముగిసి మేము హాజరుపట్టీలు సరిచూచుకొనుచుండగా, మా పూర్వవిద్యార్థి యొకని తండ్రి వచ్చెను. ఆయన సేద్యము చేసికొని బ్రదుకువాడు, చదువు స్వల్పము. చేతిసంచిలోనుండి మడతలు నలిగిన మూడు ఆసుపత్రి చీటీలను దీసి మా బల్లపై పరచి, “మాస్టారుగారూ, వీటిలో చిన్న జబ్బు ఏదో చెప్పండి. అది ఉంచుకొని తక్కిన రెండూ పొయ్యిలో పెట్టేస్తాను” అనెను.

మొదటి చీటీ 2014 వ సంవత్సరపుది. దానిపై ‘ఎఫ్ 23.2’ అని యుండెను. రెండవది 2015 వ సంవత్సరపుది. దానిపై ‘ఎఫ్ 20.0’. మూడవది 2024 లో వేఱొక ఆసుపత్రివారిచ్చినది, దానిపై ‘6ఏ20.12’. కుమారునికి మొదట నొక రోగము వచ్చి, పిదప రెండవది వచ్చి, తుదకు మూడవది సంక్రమించినదనియు, మూడవదాని యంకెలు అన్నిటికంటె పొడవుగా నున్నందున అదియే మిక్కిలి ఘోరమైనదనియు ఆ తండ్రి యెంచుకొనెను. పట్టణములోని యొక వ్యాపారసంస్థవారు ఆ యువకునికి లెక్కలు వ్రాయు పని యిచ్చుటకు సమ్మతించి, అంతలో నెవరో చెప్పిన మాట విని, ఆసుపత్రి కాగితములు తెచ్చి చూపుమనిరట. అందువలన నీ తొందర.

ఆ దినమున మేము సరియైన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఎఱుగని సంగతి నెఱిగినట్లు చెప్పుట ఉపాధ్యాయునికి తగదు. తరువాత మాకు పరిచితులైన యొక మానసిక వైద్యుని యొద్ద రెండు మూడు సాయంకాలములు కూర్చుండియు, ఆయన చూపిన గ్రంథములను చదివియు తెలిసికొన్న దానిని, తండ్రి కుమారు లిరువురి యనుమతితో, పేరులు విడిచి యిచట వ్రాయుచున్నాము. మా యొద్ద చదివి వెళ్లిన బాలుర తలిదండ్రులలో నిట్టి చీటీలను పెట్టె యడుగున దాచుకొన్నవారు మఱి కొందఱుందురని మా నమ్మకము.

మొదట సంకేత సంఖ్య యనగా నేమో చూతము. మా పాఠశాల గ్రంథాలయమున ప్రతి పుస్తకము వెన్నుపై నొక సంఖ్య యంటించి యున్నది. ఆ సంఖ్యను బట్టి పుస్తక మే బీరువాలో నే వరుసలో నుండవలెనో తెలియును గాని, లోపలి కథ తెలియదు. సంఖ్య పెద్దదైనంత మాత్రమున పుస్తకము పెద్దది కాదు. రోగముల సంఖ్యలును అట్టివే. ఫ్రాన్సు దేశపు గణాంకశాస్త్రజ్ఞుడు జాక్ బెర్తియోఁ 1893 లో మరణకారణముల పట్టిక నొకదానిని దేశములన్నిటికి నుపయోగించునట్లు సిద్ధపఱచెను. ఒక దేశమున నే రోగముచేత నెందఱు చనిపోయిరో మఱియొక దేశపు లెక్కతో పోల్చి చూచుట కిది యవసరమాయెను. ఆ పట్టికయే సవరణలు పొంది పొంది పెరిగినది. 1948 లో దాని యాఱవ సవరణమును ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టినప్పుడు, మరణకారణములే గాక ప్రాణము తీయని వ్యాధులను గూడ చేర్చి, మనోవ్యాధులకు ప్రత్యేక విభాగము నొసగిరి. పదియవ సవరణమును 1990 లో నంగీకరించిరి. పదునొకండవదానిని 2019 లో నంగీకరించగా, అది 2022 జనవరి 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

మన తండ్రిగారి మొదటి రెండు చీటీలు పదియవ సవరణము ననుసరించినవి. అందు ‘ఎఫ్’ అను అక్షరము మనోవ్యాధుల యధ్యాయమునకు గుర్తు. 20 మొదలు 29 వఱకు గల సంఖ్యలు స్కిజోఫ్రీనియాకును దాని చుట్టపు వ్యాధులకును కేటాయింపబడినవి. అందు 20 స్కిజోఫ్రీనియా. 22 చిరకాలము నిలుచు భ్రమల వ్యాధి. 23 హఠాత్తుగా వచ్చి త్వరలో తగ్గు చిత్తవికారము. 25 స్కిజోఫ్రీనియా లక్షణములును ఉత్సాహ విషాదముల లక్షణములును కలసి యుండునది. చుక్క తరువాతి యంకె యుపభేదమును దెలుపును. మూడవ చీటీ పదునొకండవ సవరణమునకు చేరినది. అందు మొదటి యంకె యధ్యాయ సంఖ్య. రెండవ స్థానమున తప్పక నొక అక్షర ముంచిరి. చూచినతోడనే యిది పాత సంఖ్య గాదు, క్రొత్తదని తెలియుటకై యట్లు చేసిరి. ఇంగ్లీషు అక్షరములలో ‘ఓ’ సున్నవలెను, ‘ఐ’ ఒకటవ యంకెవలెను గనబడును గాన ఆ రెండింటిని విడిచిపెట్టిరి. పిల్లల వ్రాతప్రతులు దిద్దు మాకీ జాగ్రత్త మిక్కిలి నచ్చినది.

ఇక వ్యాధి సంగతి. జర్మనీ దేశమున హెక్కర్ అను వైద్యుడు 1871 లో యౌవనారంభమున వచ్చు నొక చిత్తవికారమును వర్ణించి, గ్రీకుల యౌవన దేవత పేరు మీదుగా దానిని హెబిఫ్రీనియా యనెను. ఆయన మిత్రుడు కాల్‌బామ్ 1874 లో, రోగి కొయ్యవలె బిగుసుకొని మాటాడక కదలక యుండు నవస్థను కాటటోనియా యని పేర్కొనెను. ఎమిల్ క్రెపెలిన్ అను పండితుడు వీనిని, పీడనభ్రమలు ముఖ్యముగా గల మఱియొకదానిని గలిపి, యివి మూడును ఒకే వ్యాధి రూపములని తలచెను. ఈయన పద్ధతి గమనింపదగినది. రోగి యొక్కొక్కనికి నొక్కొక్క అట్టముక్క నేర్పఱచి, వచ్చిననాటి లక్షణములనే గాక, సంవత్సరములు గడచిన పిదప వాని స్థితి యేమాయెనో దానిపై వ్రాసికొనుచు వచ్చెను. నేటి లక్షణమును మాత్రము చూచి రోగము పేరు పెట్టరాదనియు, దాని నడకను చూడవలెననియు ఆయన మతము. 1899 లో ప్రకటించిన తన గ్రంథపు కూర్పులో ఈ వ్యాధిని ఉత్సాహ విషాదముల వ్యాధినుండి స్పష్టముగా వేఱుపఱచెను. అయితే ఆయన దీనికి పెట్టిన లాటిన్ పేరున కర్థము ‘బాల్యముననే వచ్చు బుద్ధిక్షయము’. అట్టి పేరు విన్న తలిదండ్రుల గుండె యేమగునో యోచింపుడు.

స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున బ్లాయిలర్ అను వైద్యుడు రోగులతో కలసి మెలసి జీవించి, ఈ వ్యాధి బాల్యముననే రావలెనను నియమము లేదనియు, అందఱి బుద్ధి క్షయింపదనియు కనుగొనెను. ఆయన 1908 లో ‘స్కిజోఫ్రీనియా’ అను పేరు కల్పించి, 1911 లో గొప్ప గ్రంథము ప్రకటించెను. చీలుట, మనస్సు అను రెండు గ్రీకు పదములను గలిపిన పేరిది. దీనివలన నొక పొరపాటు లోకమున వ్యాపించినది. ఒకే దేహమున నిద్దఱు మనుష్యులుండి వంతులవారీగా బయటికి వచ్చుటయే ఈ రోగమని సినిమాలు చూచువారు తలచుచున్నారు. అది పూర్తిగా తప్పు. తలంపు, భావము, సంకల్పము అనువాని నడుమ నుండవలసిన సంధులు సడలుటయే బ్లాయిలరు చెప్పిన చీలిక. జపాను దేశమున ఈ పేరును తమ భాషలోనికి ‘మనస్సు చీలిన వ్యాధి’ యని మార్చుకొనియుండిరి. ఆ మాట రోగులను వారి కుటుంబములను నెంతయు నొప్పించుచున్నదని, 2002 లో నచటి మానసిక వైద్యుల సంఘమువారు దానిని విడిచి, ‘సమన్వయము తప్పిన వ్యాధి’ యను నర్థమిచ్చు పేరును పెట్టిరి. మన తెలుగులో నింకను ‘పిచ్చి’ యను నొక్కమాటతోనే సమస్తమును సరిపెట్టుచున్నాము.

వైద్యుడు దీని నెట్లు గుర్తించును? రక్తపరీక్షచేత గాని, తలను తీసిన చిత్రములచేత గాని స్కిజోఫ్రీనియా యని నిశ్చయించుటకు నేటికిని వీలులేదు. ఆ పరీక్షలు చేయింతురు గాని, అవి మూర్ఛవ్యాధి, మెదడులోని కంతి, థైరాయిడు దోషము మున్నగు నితర కారణములు లేవని తెలిసికొనుట కొఱకే. గంజాయి, సారా మున్నగువాని ప్రభావముననో, వానిని మానినప్పటి యవస్థలోనో యున్నవానికి ఈ పేరు పెట్టకూడదు. తక్కినదంతయు రోగిని, యింటివారిని అడిగియు, ఓపికతో వినియు, దినములు గడపి చూచియు తెలిసికొనవలసినదే.

పదియవ సవరణపు నియమములలో ముఖ్యములైన వివి. తన తలంపులే తనకు బయటినుండి వినబడుట. ఎవరో తన మనస్సులో తలంపులు చొప్పించుచున్నారనియు, లాగివేయుచున్నారనియు, అవి లోకమునకంతకు వెల్లడియగుచున్నవనియు తోచుట. తన దేహము గాని చేష్టలు గాని పరుల శక్తికి లోబడినవనుకొనుట. తనను గూర్చి తమలో తాము మాటలాడుకొను కంఠములు, లేక తన ప్రతి పనికిని వ్యాఖ్యానము చెప్పు కంఠములు వినబడుట. తన కులాచార మతములలో నెవ్వరును నమ్మనట్టి అసంభవమైన నమ్మకము తిరుగులేకుండ నిలుచుట. ఇట్టివానిలో నొక్కటి మిక్కిలి స్పష్టముగా నున్నను చాలును. ఇవి లేనప్పుడు, ఇతర ఇంద్రియ భ్రాంతులు, తెగిపోవు మాటలు, బిగుసుకొనుట, ఉదాసీనత అను వానిలో రెండైన నుండవలెను. ఏదియైనను ఇంచుమించు ఒక నెల నిలిచియుండవలెను. అమెరికా దేశపు మానసిక వైద్యుల సంఘము వారి గ్రంథము ప్రకారము అస్వస్థత గుర్తులు ఆఱు నెలలు కొనసాగవలెను.

‘ఆచార మతములలో నెవ్వరును నమ్మనట్టి’ యను మాటను మరువరాదు. చనిపోయిన తల్లి కలలో పలికినదని చెప్పువాడు రోగి గాడు. ప్రార్థనయందు దేవుని సన్నిధిని ఎఱిగితినని సాక్ష్యమిచ్చువాడును గాడు. ఆ మనుష్యుని చుట్టునున్నవారి నమ్మకములు తెలియని వైద్యుడు పొరపడు నవకాశము కలదు.

ఇప్పుడు మొదటి చీటీ కథ తేటపడును. 2014 లో ఆ బాలుడు బీ.కాం. రెండవ సంవత్సరము చదువుచుండెను. తన గదిప్రక్క కుఱ్ఱవాండ్రు గోడలో యంత్రము పెట్టి తన తలంపులు చదువుచున్నారని చెప్ప మొదలిడెను, నిద్ర మానెను. భూతవైద్యుని యొద్దకు గొనిపోయిరి. పిదప ప్రార్థన కొఱకు మా వంటివారి యొద్దకును తెచ్చిరి. మేము ప్రార్థించి పంపితిమే గాని, ఆసుపత్రికి పొమ్మని చెప్పవలెనని మాకు తోచలేదు. ఇరువదవ దినమున మేనమామ బలవంతముమీద ఆసుపత్రికి చేరెను. లక్షణములు స్కిజోఫ్రీనియావియే గాని నెల గడువలేదు. అట్టివానికి నియమితమైన సంఖ్య 23.2. నెల నిండకముందే జీవితకాలపు పేరు పెట్టకుండుటకై యుంచిన ద్వారమది. అనేకులు ఆ ద్వారముననే స్వస్థులై వెడలిపోవుదురు. ఈ బాలునికి తగ్గి తగ్గక కొన్ని నెలలు గడచెను. వైద్యుడు 2015 లో 20.0 అని మార్చెను. మొదటి వైద్యుడు పొరపడలేదు, రెండవ రోగము రాలేదు. కాలమొక్కటే యధికమైనది.

చుక్క తరువాతి సున్న యనగా ‘ఏమియు లేదు’ అని తండ్రిగారు కొంత సంతసించిరి. అదియు నర్థము గాదు. పదియవ సవరణమున సున్న పీడనభ్రమల రకమునకు గుర్తు: ఎవరో తరుముచున్నారు, విషము పెట్టుచున్నారు, గమనించుచున్నారు అను నమ్మకములును, వినబడు కంఠములును అందు ప్రధానములు. లోకమున నెక్కువగా కనబడు రకమిదియే. ఒకటి హెబిఫ్రీనియా, పదునైదు మొదలు ఇరువదియైదేండ్ల లోపల మొదలగును, కారణము లేని నవ్వు, అతుకని మాటలు, లక్ష్యము లేని చేష్టలు దాని గుర్తులు. దీనిని రెండు మూడు నెలలు చూచిన గాని నిశ్చయింపరాదని నియమము. రెండు కాటటోనియా. చేయి యెత్తి విడిచిన నట్లే నిలిచియుండుట, మైనపు బొమ్మవలె మలచిన భంగిమయందుండుట, చెప్పినదానికి ఎదురు చేయుట యందు చూతుము. మూడు ఏ రకమునకు స్పష్టముగా చేరనిది. నాలుగు, వ్యాధి కొంత నెమ్మదించిన పిదప వచ్చు విషాదము. దీనియందు ఆత్మహత్యాభయము హెచ్చు గనుక ఇంటివారు మిక్కిలి మెలకువగా నుండవలెను. ఐదు, తొలి యుద్రేకము చల్లారి ఉత్సాహహీనత, మితభాషణము, ఏకాంతవాసము మాత్రము మిగిలినది. ఆఱు, భ్రమలు కంఠములు లేకుండగనే మనుష్యుడు క్రమక్రమముగా క్రుంగిపోవునది. దీనిని గుర్తించుట కష్టము. తొమ్మిది, రకము నిర్ణయింపనిది. వీనిపైన ఐదవ యంకె యొకటి చేర్చి వ్యాధి నడకను దెలుపవచ్చును: ఎడతెగనిది, విడతలుగా వచ్చునది, పూర్తిగా నెమ్మదించినది, సంవత్సరము నిండని కారణమున నింకను చెప్పవీలులేనిది. ఓ.పీ. రద్దీలో ఈ ఐదవ యంకె తఱచుగా వ్రాయబడదని మా వైద్యమిత్రుడు చెప్పెను. మా యభిప్రాయమున రోగికి ఎక్కువగా నుపయోగపడు నంకె యదియే.

వైద్యులందఱు ఒకే కొలబద్ద వాడకున్న నేమగునో 1972 లో ప్రకటింపబడిన యొక పరిశోధన చూపినది. న్యూయార్కు ఆసుపత్రులలో స్కిజోఫ్రీనియా యను పేరు లండను ఆసుపత్రులలో కంటె చాల యెక్కువగా వ్రాయబడుచుండెను. ఉభయ స్థలములందును ఒకే విధమైన ప్రశ్నలతో పరీక్షించి చూడగా, ఆ భేదములో నధికభాగము రోగులయందు గాక వైద్యుల యలవాటునందున్నదని తేలెను. ఆ కాలముననే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తొమ్మిది దేశములలో నొకే ప్రశ్నావళితో 1,202 మంది రోగులను పరీక్షింపజేసిరి. మన దేశమున నాగ్రా పట్టణము అందొకటి. ఒకే తీరుగా నడిగినచో ఈ వ్యాధి అన్నిచోట్లను గుర్తింపదగినదే యని తేలెను. కొన్నియేండ్ల పిదప మరల చూడగా ఆగ్రా, ఇబదాన్ వంటి స్థలముల రోగులు ధనిక దేశముల రోగులకంటె మెఱుగుగా నుండిరి. కారణమును గూర్చి పండితులు వాదించుచునే యున్నారు.

క్రెపెలిన్ కాలమునుండి వచ్చిన ఆ రకములు చాలకాలము పాఠ్యగ్రంథములలో రాజ్యము చేసినవి. అయితే ఒకే రోగి ఒక యేడు పీడనభ్రమల రకమునను, మఱియొక యేడు ఏ రకమునకు చేరని దానియందును పడుచుండెను. రకమును బట్టి మందు మారలేదు. రకమును బట్టి భవిష్యత్తును సరిగా చెప్పుటయు సాధ్యము కాలేదు. కావున 2013 లో అమెరికా వారి గ్రంథపు ఐదవ కూర్పు ఆ రకములను విడిచిపెట్టెను. అందుచేతనే అమెరికాలో నివసించు మన తెలుగువారి భీమా కాగితములపై ఈ వ్యాధికి సాధారణముగా ‘ఎఫ్ 20.9’ అను నొక్క సంఖ్యయే కనబడును. తొమ్మిది యన్నంతమాత్రమున అచటి వైద్యుడు అశ్రద్ధ చేసెనని తలంపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదునొకండవ సవరణమును ఆ రకములను తొలగించెను. వానికి బదులుగా భ్రమలు కంఠములు ఎంత, ఉదాసీనత ఎంత, విషాదమెంత, చేష్టల మార్పెంత, జ్ఞాపకశక్తి మున్నగువాని లోపమెంత యని వేర్వేరుగ కొలిచి వ్రాయుటకు వీలు కల్పించిరి. పూర్వము ఒకే కంఠవ్యాఖ్యానమునకు చాలినంత బలమిచ్చిన నియమమును సడలించి, ఇప్పుడు కనీసము రెండు లక్షణములు, అందొకటి ముఖ్యమైనది, ఒక నెలలో నధికకాలము ఉండవలెననిరి.

మూడవ చీటీకి వత్తము. 6ఏ20 అనగా స్కిజోఫ్రీనియా. చుక్క తరువాత సున్నయైనచో మొదటి విడత, ఒకటియైనచో పెక్కు విడతలు, నడుమ కనీసము మూడు నెలల నెమ్మది, రెండైనచో ఎడతెగనిది. ఆ తరువాతి యంకె నేటి స్థితిని చెప్పును: సున్న యనగా లక్షణములు ఇప్పుడు కనబడుచున్నవి, ఒకటి యనగా కొంత నెమ్మదించినవి, రెండు యనగా చెప్పుకొనదగిన లక్షణమేదియు మిగిలి యుండలేదు. మందులవలన నెమ్మదించినను అది నెమ్మదియే యని గ్రంథము చెప్పుచున్నది. ఈ యువకుడు 2018 లో మాత్రలవలన మత్తుగా నున్నదని, దేహము పెరుగుచున్నదని, ఎవ్వరితో చెప్పక మానివేసెను. రెండు నెలలలో వ్యాధి తిరుగబెట్టెను. మందు మార్చి యిచ్చిన పిదప లేచి, బీ.కాం. ముగించెను. కావున ఒకటి, రెండు: పెక్కు విడతలు, నేడు పూర్తి నెమ్మది. తండ్రి పొయ్యిలో వేయదలచిన ఆ పొడవాటి సంఖ్య మూడింటిలోను మిక్కిలి శుభవార్త.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయితే మూడోదే చూపిస్తానండి” అనెను. మేమును ముందు అట్లే తలచితిమి గాని, వైద్యమిత్రుడు మమ్ము సవరించెను. 2017 లో నేర్పడి 2018 మే 29 నుండి అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తన వ్యాధి చికిత్సల సంగతులు రహస్యముగా నుండుటకు రోగికి హక్కు కలదని చెప్పుచున్నది. ఒకనికి మనోవ్యాధి కలదని నిర్ణయించినంత మాత్రమున, న్యాయస్థానము తీర్పు చెప్పనిదే, వానిని మతిస్థిమితము లేనివానిగా నెంచరాదనియు ఆ చట్టముననే యున్నది. చీటీ కుమారునిది. చూపుటయు మానుటయు వాని యిష్టము. మనలో నొక్కరమును వాని నడుగనే లేదు!

తరువాతి ఆదివారము ఆ యువకుడే మాయొద్దకు వచ్చెను. ఇరువదితొమ్మిదేండ్లవాడు, పదవ తరగతిలో నున్నప్పటివలెనే బల్లకు కొంచెము దూరముగా నిలుచుండి మాటలాడెను. మేము పై సంగతులన్నియు చెప్పగా విని, మూడు చీటీలను వరుసగా పేర్చి చూచి, “మూడూ తీసుకొని వెళతాను మాస్టారూ. మొదటి రెండూ లేకపోతే మూడోదాంట్లో ఒకటెందుకుందో, రెండెందుకుందో వాళ్లకు తెలియదు గదా” అనెను. ఒక తెల్లకాగితముపై సంఖ్యలకెదురుగా వాని యర్థములను తెలుగున వ్రాసి యిమ్మని కోరెను. వ్రాసి యిచ్చితిమి. ఈ సంచిక అచ్చునకు పోవునప్పటికి ఆ సంస్థవారి ప్రత్యుత్తరము రాలేదు.